కాంటా ఎవలి చేతుల ఉన్నది? – ఫారెక్స్ ‘ఎడ్జ్’ ముచ్చట

పోయిన దసరాకు మా అక్క కొడుకు ఇంటికొచ్చిండు. వాళ్లది జగిత్యాల దిక్కు ఊరు. డిగ్రీ అయిపోయి మూడేండ్లు, గ్రూప్స్‌కు చదువుతున్నడు. అన్నం తినుకుంటనే ఫోన్ తీసి నా ముందట పెట్టిండు. “మామా, నాకు ఎడ్జ్ దొరికింది” అన్నడు. తెర మీద ఎర్రయి, పచ్చయి గీతలు. యూరో–డాలర్ అట, ఐదు నిమిషాల చార్ట్ అట. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటంగనే కొనుడు, పది పిప్‌లు రాంగనే అమ్ముడు. ఆ పని కూడ వాడు చేసుడు లేదు, టెలిగ్రామ్‌ల ఎవరో అమ్మిన రోబో చేస్తది. ఆరు వారాల నుంచి రోజూ లాభమే అన్నడు. వాని ముఖంల వెలుగు చూసి నేను ఏం అనలేకపోయిన.

సంక్రాంతి నాటికి ఆ అకౌంట్ల సున్న ఉన్నది. పోయింది నింపుదామని మళ్ల వేసినయి కలిపి లక్షా ఎనభై వేలు. అవి షార్జాల సెంట్రింగ్ పని చేసే వాళ్ల నాయిన, అంటే మా బావ, అప్పు కట్టుమని పంపిన పైసలు.

వాన్ని తిట్టెటందుకు ఇది రాస్తలేను. తిట్టుడు వాళ్ల ఇంట్ల సాలినంత అయింది. గాని ఆ తర్వాత నేను ఈ ఫారెక్స్ లెక్క పట్టుకొని కూసున్న. చదువు పెద్దగ లేనోన్ని, ఇంటర్‌ల ఆగిపోయినోన్ని. అయినా కూడికలు, తీసివేతలు వస్తయి. ఈ ముచ్చటకు అవి సాలు. కరీంనగర్, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల దిక్కు ఎక్కడికి మీటింగుకు పోయినా కొట్టం కింద, చాయ్ హోటల్ల కాడ అవే చార్టులు కనబడుతున్నయి. అందుకే ఈ ‘ఎడ్జ్’ అంటే ఏంది, అది ఎవలికి ఉంటది, మన ఫోన్లకు ఎందుకు రాదు అన్నది ఇడమరిచి చెప్తున్న.

పైసల రేటు చూసుడు మనకు కొత్త కాదు. ఉత్తర తెలంగాణల చదువు రాని అవ్వ కూడ “ఇయ్యాల దిర్హం ఎంతున్నది” అని అడుగుతది. 2013 యాదికి తెచ్చుకోండ్రి. ఆ ఏడు మొదట్ల డాలరుకు 55 రూపాల దగ్గర ఉన్న రేటు ఆగస్టు ఆఖరుకు 68 దాటింది. దిర్హం 15 నుంచి 18కి మీదికి పోయింది. దుబాయ్‌ల ఉన్నోళ్లు చేబదులు తీసుకొని మరీ ఇంటికి పంపిండ్రు. దిర్హం రేటు అంటే వేరే ఏం కాదు, డాలర్ రేటే. 1997 నుంచి ఒక డాలరుకు 3.6725 దిర్హాములు అని అక్కడి సర్కారు కట్టేసి పెట్టింది. డాలర్ ఎటు పోతె దిర్హం అటే. ఇది తెలిసినోళ్లం కాబట్టే “రేటు మీద పైసలు సంపాయించొచ్చు” అంటే మన పోరగాండ్లు తొందరగ నమ్ముతరు. ఇంట్ల చూసిన ముచ్చటే గదా అనుకుంటరు.

గాని బావ రేటు చూసుకొని పంపుడు వేరు, అల్లుడు ఐదు నిమిషాల చార్ట్ మీద ఆడుడు వేరు. బావ చేతిల నిజంగ దిర్హాములు ఉన్నయి, ఎట్లాగు మార్చాల్సినయే. అల్లుని చేతిల ఏ యూరో లేదు. రేటు పెరుగుతదా తగ్గుతదా అన్న పందెం తప్ప ఇంకేం లేదు.

మొగ్గు అంటే ఏంది

ఎడ్జ్ అన్నదానికి మన భాషల మంచి మాట ఉన్నది: మొగ్గు. కాంటా మొగ్గు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి బండి కట్టుకొని పోయినోళ్లను అడుగుండ్రి, మొగ్గంటే ఏందో వాళ్లు చెప్తరు. తేమ 8 శాతం దాక ఉంటే మద్దతు ధర పూర్తిగ, 12 దాటితె సీసీఐ తీసుకోదు. ఆ తేమ మిషిని ఎవలి చేతుల ఉంటదో, కాంటా ఎవలి జాగల ఉంటదో, వాళ్లకు మొగ్గు ఉంటది. ప్రైవేటు వ్యాపారికి ఒక్కొక్క బండి మీద వచ్చేది చిన్న ముక్కనే. గాని పొద్దంత బండ్లు వస్తనే ఉంటయి. ఒక్క రైతు కాడ ఆయనకు నష్టం వచ్చినా వంద మంది కాడ లెక్క చూస్తె లాభమే.

ఎడ్జ్ అంటే గంతే. ఒక్క ట్రేడ్ గెలుసుడు ఎడ్జ్ కాదు. పది గెలుసుడు కూడ కాదు. వెయ్యి ట్రేడులు చేసి, అన్ని ఖర్సులు తీసేసినంక, సగటున ఒక్కో ట్రేడుకు పైస అన్న మిగిలితె అది ఎడ్జ్. మిగలకపోతె నువ్వు ఎంత చక్కగ గీతలు గీసినా రైతు దిక్కే ఉన్నవు, కాంటా దిక్కు లేవు.

ఇప్పుడు ఫారెక్స్ కాంటా ఎట్ల తూగుతదో చూద్దాం. యూరో–డాలర్‌ల పిప్ అంటే నాలుగో దశాంశం, 0.0001. పదివేల యూరోల ట్రేడ్ (వీళ్ల భాషల 0.1 లాట్) పెడితె ఒక్క పిప్‌కు ఒక్క డాలర్. యాప్‌ల ఎప్పుడూ రెండు రేట్లు కనబడుతయి: నువ్వు కొనేది ఎక్కువ, నువ్వు అమ్మేది తక్కువ. నడిమిట్ల తేడానే స్ప్రెడ్. చిన్న అకౌంట్లకు 1.5 పిప్ అనుకుందాం. “కమీషన్ సున్న” అని యాడ్‌ల చెప్తరు, నిజమే, కమీషన్ అన్న పేరుతోని తీసుకోరు. ఇట్ల తీసుకుంటరు.

రోజుకు పది ట్రేడులు. ఒక్కోదానికి డాలరున్నర స్ప్రెడ్. రోజుకు 15 డాలర్లు, నెలల 20 రోజులు ఆడితె 300 డాలర్లు. అకౌంట్ల ఉన్న అసలు 500 డాలర్లు. అంటే రేటు ఎటూ పోకున్నా, నీ తెలివి సగం సగం పనిచేసినా, నెల తిరిగేసరికి అసలుల 60 శాతం కాంటాకు పోతది. నూటికి మూడు రూపాల మిత్తి తీసుకునే సావుకారిని మనం రక్తం తాగుతడు అంటం. ఇది నూటికి అరవై.

ఇంకొక లెక్క చెప్త, ఇది జర నిదానంగ చదువుండ్రి, అసలు గుట్టు ఇక్కడనే ఉన్నది. పది పిప్‌ల లాభం రాంగనే బయటపడుత, పది పిప్‌ల నష్టం రాంగనే బయటపడుత అని అల్లుడు పెట్టుకున్న రూలు. వినెటందుకు సమానంగ ఉన్నది, బొమ్మా బొరుసు లెక్క. గాని కొన్న క్షణంలనే నువ్వు పిప్పున్నర లోపలికి పోయి ఉంటవు. కాబట్టి లాభానికి రేటు 11.5 పిప్‌లు మీదికి పోవాలె, నష్టానికి 8.5 కిందికి వస్తె సాలు. గుడ్డిగ ఆడితె నూటికి 50 సార్లు గెలవాల్సినోడు 42 లేకపోతె 43 సార్లే గెలుస్తడు. వంద ట్రేడులకు 150 డాలర్లు మైనస్.

అదే వంద పిప్‌ల లాభం, వంద పిప్‌ల నష్టం అని పెట్టుకొని రోజులకొద్ది ఆగినోనికి ఆ గుడ్డి గెలుపు నూటికి 49 మీద ఉంటది. కాంటా అదే, స్ప్రెడ్ అదే, గాని ఎంత తొందర తొందరగ తూకం వేయించుకుంటె అంత ఎక్కువ తరుగు పోతది. “స్కాల్పింగ్ జేస్తె రిస్క్ తక్కువ, ఐదు నిమిషాలల్ల బయటపడొచ్చు” అని యూట్యూబ్‌ల చెప్పేటోడు ఈ తరుగు ముచ్చట చెప్పడు. ఆ ఐదు నిమిషాల ఆటల కనీసం పెట్టిన పైస మిగిలాలంటే గుడ్డోని కన్న నూటికి ఏడెనిమిది సార్లు ఎక్కువ నువ్వు ప్రపంచాన్ని ముందుగాల పసిగట్టాలె, రోజూ, ప్రతి పూట.

ఎవలి కంటె ముందు పసిగట్టాలె? ప్రపంచం మొత్తం మీద కరెన్సీ మార్కెట్ల ఒక్క రోజుల చేతులు మారేది, అంతర్జాతీయ సెటిల్మెంట్ల బ్యాంకు 2022 ఏప్రిల్‌ల తీసిన లెక్క ప్రకారం, 7.5 లక్షల కోట్ల డాలర్లు. అందుల ఎదురుంగ కూసున్నది పెద్ద పెద్ద బ్యాంకులు. ఏ కంపెనీ ఎన్ని డాలర్లు కొనబోతున్నదో ఆర్డరు వాళ్ల దగ్గరికే మొదలు వస్తది. అంత చూసుకుంట కూడ వాళ్లు ఆగలేదు. 2015 మేల సిటీ గ్రూప్, జేపీ మోర్గన్, బార్క్లేస్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ అనే నాలుగు బ్యాంకులు డాలర్–యూరో రేటును కుమ్ముక్కై తిప్పినమని అమెరికాల నేరం ఒప్పుకున్నయి. వాళ్ల ట్రేడర్లు చాట్ రూంల కూసొని మాట్లాడుకొని రేటు జరిపిండ్రు. ఆ చాట్ రూంకు వాళ్లే పెట్టుకున్న పేరు ‘కార్టెల్’. మార్కెట్ నడిమిట్ల కూసున్నోళ్లకే మోసం చేస్తె తప్ప కడుపు నిండలేదంటే, మన కోరుట్ల పోరడు మూడు ఇండికేటర్లతోని ఏం చేస్తడు?

ఎడ్జ్ లేనే లేదు అని నేను అంటలేను. ఉన్నది. 1992 సెప్టెంబర్ 16న ఇంగ్లండ్ పౌండు కూలినప్పుడు జార్జ్ సోరోస్ ఒక వంద కోట్ల డాలర్ల దాక గడించిండు. గాని ఆయన ఐదు నిమిషాల చార్ట్ చూడలేదు. పౌండును ఒక రేటు కాడ కట్టేసి ఉంచుడు ఆ సర్కారుతోని కాదు అన్న ఒక్క రాజకీయ లెక్క పట్టుకొని, నెలలకొద్ది చదివి, వందల కోట్లు పెట్టగలిగే జాగల ఉన్నడు కాబట్టి అయింది. ఇంకొక తీరు ఎడ్జ్ వేగం. ఎక్స్చేంజీ సర్వర్ పక్కన తమ సర్వర్ పెట్టుకొని కన్ను మూసి తెరిచేలోపట వేల ఆర్డర్లు పెట్టే కంపెనీలది. మన ఊళ్లె సిగ్నల్ కోసం మిద్దె మీదికి ఎక్కేటోనికి, వాళ్లకు పోటీ అంటే ఏమనాలె.

రోబో గెలుపు ఎట్ల కనబడుతది

అల్లుని ఆరు వారాల గెలుపు మరి అబద్ధమా? కాదు, నిజమే. అది ఎట్ల వచ్చిందో తెలిసేసరికి నాకు పది రోజులు పట్టింది. ఆ రోబో ఓడిపోంగనే పందెం డబుల్ చేస్తది. ఒక డాలర్ పోతె రెండు పెడతది, అవి పోతె నాలుగు, తర్వాత ఎనిమిది. ఎప్పుడు గెలిసినా పోయినయన్ని తిరిగి వచ్చి ఒక్క డాలర్ మీద పడుతది. తీన్ పత్తి ఆడేటోళ్లకు ఈ ఉపాయం ఎరుకే. పొద్దుమీకి లెక్క చూస్తె రోజూ పచ్చగనే కనబడుతది.

వరుసగ తొమ్మిది సార్లు ఓడితె 1, 2, 4 నుంచి 256 దాక కలిపి 511 డాలర్లు. 500 డాలర్ల అకౌంట్ ఖతం. తొమ్మిది సార్లు వరుసగ ఎవలు ఓడుతరు అనుకుంటం. పైన చెప్పిన మొగ్గు లెక్క తీసుకుంటె ఒక్కో ట్రేడు ఓడే అవకాశం నూటికి 57.5. ఆ లెక్కన సగటున 340 ట్రేడులకు ఒకసారి తొమ్మిది వరుస ఓటములు వస్తయి. రోజుకు పది ట్రేడులైతె 34 రోజులు. వారానికి ఐదు రోజులే మార్కెట్ కాబట్టి దగ్గర దగ్గర ఏడు వారాలు. ఈ ఏడు వారాలల్ల 145 డాలర్ల దాక లాభం చూపెడతది, ఎనిమిదో వారం 500 గుంజుకుంటది. ఎవనికన్న ముందే వస్తది, ఎవనికన్న మూడు నెలలకు వస్తది. మూడు నెలలకు వచ్చేటోడు ఆ లోపట పది మంది దోస్తులను చేర్పిస్తడు, అదే ఇంకా నష్టం.

ఇంక ‘లెవరేజ్’. 500 డాలర్లకు 1:500 అంటే రెండున్నర లక్షల డాలర్ల సరుకు ఎత్తుకోవచ్చు. రేటు 0.2 శాతం ఎదురు తిరిగితె నీ 500 అయిపోతయి. మామూలు రోజు కూడ యూరో అంతకంటె ఎక్కువ ఊగుతది. యూరప్‌ల 2018లనే పెద్ద జోడీలకు 1:30 కంటె ఎక్కువ ఇయ్యొద్దని అక్కడి నియంత్రణ సంస్థ ఎస్మా కట్టడి పెట్టింది. ఎందుకంటె అక్కడి దేశాల లెక్కలు తీస్తె ఇసొంటి ట్రేడులు చేసే చిన్న అకౌంట్లల్ల నూటికి 74 నుంచి 89 దాక నష్టంలనే ఉన్నయి. మన పోరగాండ్ల ఫోన్లకు వచ్చే యాపులు ఆ కట్టడి లేని దీవులల్ల రిజిస్టర్ అయినయి.

“స్టాప్ లాస్ పెడితె ఏం కాదు మామా” అన్నడు వాడు. 2015 జనవరి 15 ముచ్చట చెప్పిన. స్విస్ నేషనల్ బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కంటె కిందికి రానియ్యను అని మూడేండ్లు మాట మీద ఉన్నది. ఆ పొద్దుగాల ఒక్కసారి “ఇగ మాకు సంబంధం లేదు” అన్నది. నిమిషాలల్ల ఫ్రాంకు ఒక దశల 30 శాతం దాక ఎగిరింది. స్టాప్ లాస్ పెట్టిన రేటు కాడ కొనేటోడే లేడు. లండన్‌ల ఆల్పారీ అనే బ్రోకర్ దివాలా తీసింది, అమెరికాల ఎఫ్‌ఎక్స్‌సీఎం 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకొని బతికింది. అకౌంట్ల పైసలు పోవుడే కాదు, మీదికెల్లి బాకీ పడ్డ కస్టమర్లు మస్తు మంది.

అల్లుడు నన్ను ఇరికించిన ప్రశ్న ఒకటి ఉన్నది. “అందరు మొదట ఓడుతరు, నేర్చుకుంట పోతె వస్తది గదా” అన్నడు. న్యాయమైన ప్రశ్ననే. సైకిల్, ఈత, కుట్టు మిషిని అన్నీ అట్లనే వస్తయి. బ్రెజిల్‌ల ముగ్గురు ఆర్థికవేత్తలు సరిగ్గ ఇదే వెతికిండ్రు. అక్కడి షేర్ సూచీ ఫ్యూచర్స్‌ల 2013–15 నడుమ డే ట్రేడింగ్ మొదలుపెట్టి, 300 రోజులకు పైన విడువకుండ పట్టుకున్నోళ్లు 1,551 మంది. వాళ్లల్ల 97 శాతం నష్టపోయిండ్రు. ఆ దేశపు కనీస కూలి కంటె ఎక్కువ సంపాదించినోళ్లు 1.1 శాతం. రోజులు గడిచినకొద్ది మెరుగైన గుర్తులు కూడ లేవు. ఈత నేర్సుకుంటె నీళ్లు మారవు. ఇక్కడ ఎదురుంగ ఉన్నోడు కూడ రోజూ నేర్సుకుంటనే ఉంటడు, నీకంటె ఎక్కువ పైసలు పెట్టి.

మన దేశం లెక్క కూడ ఉన్నది. అది కరెన్సీది కాదు, షేర్ల ఫ్యూచర్స్ ఆప్షన్స్‌ది, గాని ఆట అదే. 2024 సెప్టెంబర్‌ల సెబీ చెప్పిన ప్రకారం 2021–22 నుంచి 2023–24 దాక మూడేండ్లల్ల ఆడిన కోటి మందికి పైన మామూలు మనుషులల్ల 93 శాతం నష్టపోయిండ్రు. మొత్తం 1.8 లక్షల కోట్లు. అండ్ల నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆమ్దాని 5 లక్షల లోపటోళ్లే. అవుతల దిక్కు 2023–24 ఒక్క ఏడాదిల సొంత పైసలతోని ఆడే పెద్ద సంస్థలకు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలకు 28 వేల కోట్లు లాభం. వాళ్ల లాభంల 95 శాతం మీదనే కంప్యూటర్ ప్రోగ్రాములతోని వచ్చింది. నేను మీటింగులల్ల సంపద కింది నుంచి మీదికి పోతున్నది అంటే నవ్వేటోళ్లున్నరు. ఇది సర్కారు సంస్థ లెక్క.

లింకు పంపేటోనికి ఏం మిగులుతది

ఇంత నష్టం ఉంటే ఈ దందా ఎట్ల నడుస్తున్నది? ఎందుకంటె మొగ్గు ఉన్నోళ్లు వేరే ఉన్నరు. మొదటోడు బ్రోకర్. నువ్వు యూరో కొంటె ఆ ఆర్డరు ఏ లండన్ మార్కెట్‌కో పోతదనుకుంటవు. ఇసొంటి యాపులు మస్తు వరకు నీ ఆర్డరును బయటికే పంపయి. నీకు ఎదురు పందెం కాసేది వాళ్లే. నీ నష్టం వాళ్ల లాభం. చార్ట్ వాళ్లదే, రేటు వాళ్లదే, పైసలు బయటికి ఇడిసే గేటు కూడ వాళ్లదే. వ్యాపారి చేతుల కాంటా ఉంటె రైతు కనీసం పక్కపొంటి నిలబడి ముల్లు చూస్తడు. ఇక్కడ ముల్లు కూడ కనబడదు.

రెండోడు లింకు పంపేటోడు. నువ్వు గెలిసినా ఓడినా, నువ్వు పెట్టిన ప్రతి లాట్ మీద వానికి కమీషన్. అందుకే “రోజుకు ఇరవై ట్రేడులు చెయ్యి” అంటడు. మూడోడు పంతులు. ‘బాప్ ఆఫ్ చార్ట్’ అని షేర్ మార్కెట్ పాఠాలు చెప్పిన ఛానల్ మీద 2023 అక్టోబర్‌ల సెబీ ఆర్డర్ ఇచ్చింది. కోర్సుల పేరుతోని వసూలు చేసిన 17.2 కోట్లు జమ చెయ్యుమన్నది. ఆ గురువు సొంత ట్రేడింగ్‌ల రెండున్నరేండ్లల్ల 2.89 కోట్ల నష్టంల ఉన్నట్టు అదే ఆర్డర్ల ఉన్నది. ‘ఫండెడ్ అకౌంట్’ అని పరీక్ష ఫీజు కట్టిచ్చుకునే కంపెనీలు కొత్తగ వచ్చినయి. వాటిల మస్తు వరకు ఓడినోళ్ల ఫీజు మీదనే నడుస్తయి.

ఇగ చట్టం ముచ్చట. ఇది చానమందికి ఎరుక లేదు. విదేశీ యాపులల్ల ఫారెక్స్ ఆడుడు మన దేశంల ఫెమా చట్టాన్ని ఉల్లంఘించుడే. లెక్క తేలే మొత్తానికి మూడింతల దాక జుర్మాన పడొచ్చు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌ల 34 పేర్లతోని జాగ్రత్త జాబితా ఇడిసింది. 2023 నవంబర్‌కు అవి 75 అయినయి, 2024 అక్టోబర్‌కు 88. జాబితాల లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడ చెప్పింది. చట్టబద్ధంగ కరెన్సీ ఫ్యూచర్స్ ఎన్‌ఎస్‌ఈల 2008 ఆగస్టు నుంచి ఉన్నయి. గాని రూపాయి జోడీలల్ల నిజంగ దిగుమతో ఎగుమతో ఏదో ఒక అసలు అవసరం ఉన్నోళ్లకే అని రిజర్వు బ్యాంకు 2024 మే 3 నుంచి గట్టిగ అమలు చేసింది. ఆ తర్వాత అక్కడి వ్యాపారం బాగ పడిపోయింది. ఉత్త పందెం కాసుడుకు ఆ తలుపు కూడ మూసుకున్నట్టే.

దీని సెగ ఊళ్లకు ఇంకొక తొవ్వల తగులుతున్నది. విదేశీ యాప్‌కు బ్యాంకు నుంచి సీదా పైసలు పోవు. అందుకే యూపీఐల ఎవరిదో ముక్కు ముఖం తెలువని మనిషి అకౌంటుకు కొట్టుమంటరు. అది ఎక్కడో కైకిలి చేసుకునే పోరనిది, నెలకు ఇంత అని కిరాయికి తీసుకున్న అకౌంట్. రేపు ఇంకెవడో సైబర్ మోసం కేసు పెడితె ఆ అకౌంట్ తోని లావాదేవీ ఉన్న అందరి ఖాతాలు ఆపేస్తరు. మా అల్లునిది గట్లనే ఆగింది. ఫారెక్స్‌ల పోయిన పైసలు పోంగ, వాళ్లమ్మ బీడీలు చుట్టి వాని ఖాతాల వేసుకున్న పదకొండు వేలు కూడ ఇరుక్కున్నయి. అకౌంట్ కిరాయికి ఇచ్చినోని మీద అయితె సీదా కేసే. “రెండు వేలు ఊకనే వస్తున్నయి గదా” అని ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చేటోళ్లు మన దిక్కు ఉన్నరు, ఇది జర వాళ్ల చెవుల వేయండ్రి. మోసం అయిందని తెలువంగనే 1930కి ఫోన్ చెయ్యాలె, సిగ్గుపడి పది రోజులు ఆగితె పైసలు చేతులు మారుతయి.

నిర్మల్‌ల 2024ల బయటపడ్డ యూబిట్ కాయిన్ కేసు మీకు యాదికుండొచ్చు. అది ట్రేడింగ్ కాదు, గొలుసు దందా. సర్కారు ఉద్యోగులు కూడ అండ్ల అరెస్టయిండ్రు. నెల జీతం ఉన్నోళ్లే అట్ల పడ్డరంటే నోటిఫికేషన్ కోసం ఏండ్లకేండ్లు లైబ్రరీల కూసున్నోళ్లను ఏమంటం. కొలువు ఇయ్యని సర్కారు, లాగోడి పెరిగి గిట్టుబాటు కాని పత్తి, గల్ఫ్ పోవుడుకు లక్షలల్ల ఏజెంటు ఫీజు – ఇన్ని తొవ్వలు మూసుకున్నంక ఫోన్ల ఒక తొవ్వ తెరిసినట్టు కనబడుతది. ఆ ఆశను నేను తప్పు పట్ట. ఆ ఆశ మీద కాంటా పెట్టుకున్నోళ్లను పడుత.

మరి మనకు మొగ్గు ఎక్కడన్న ఉన్నదా అని అల్లుడు అడిగిండు. నిజంగనే అడిగిండు, ఎగతాళికి కాదు. ఇద్దరం కాగితం మీద బావ లెక్కనే వేసినం. బావ నెలకు 1,200 దిర్హాములు పంపుతడు. రేటు 23 రూపాలు అనుకుంటె 27,600. వీసాకు తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాల మిత్తి. “రేటు పెరుగుతది, ఒక నెల ఆగి పంపు” అని అల్లుడే వాళ్ల నాయినకు చెప్పెటోడు. ఆ 27,600 ఒక నెల ఆగితె మిత్తి 552 రూపాలు, అది ఖాయం. దాన్ని పూడ్చాలంటే రేటు దిర్హం మీద 46 పైసలు పెరగాలె, అది ఖాయం కాదు. అంటే ఏ నెలకు ఆ నెల పంపి అప్పు కట్టుడే ఏడాదికి 24 శాతం లాభం, రిస్క్ లేకుండ. సోరోస్‌కు కూడ అంత ఖాయంగ దొరకదు. ఇంకొకటి, షార్జాల మూడు ఎక్స్చేంజీల రేటు, ఫీజు ఒకే పూట ఆన్‌లైన్ల చూసి చెప్పు అన్న. చూస్తె తేడా వచ్చింది. నెలకు రెండు వందల దాక. చిన్నదే. గాని ప్రతి నెల వస్తది, ఎవ్వని నష్టం మీద వచ్చేది కూడ కాదు.

నా మాట మీద నమ్మకం లేనోళ్లు ఒక పని చెయ్యండ్రి. పైసలు పెట్టకుండ నోట్‌బుక్కుల రాయండ్రి. కొనే ముందే టైము, రేటు, ఎక్కడ బయటపడుతరో రాయాలె, తర్వాత దిద్దొద్దు. ప్రతి ట్రేడ్ కాడ పిప్పున్నర తీసేయాలె. రెండు వందల ట్రేడులు అయినంక కూడండ్రి. మా అల్లుడు 120 దాక రాసి నోట్‌బుక్ పక్కకు పెట్టిండు. మైనస్ 210 పిప్‌లు ఉన్నది.

ఇప్పుడు వాడు మెట్‌పల్లి దిక్కు ఒక పసుపు వ్యాపారి కాడ లెక్కలు రాస్తున్నడు, పుస్తకాలు ఇంకా మంచం కింద ఉన్నయి. బ్యాంకు ఖాతా కోసం రెండు సార్లు కరీంనగర్ తిరిగిండు. మొన్న శుక్రవారం బావ ఫోన్ చేసిండు. పోయిన పైసల ముచ్చట తియ్యలేదు. “ఇయ్యాల ఏ ఎక్స్చేంజీల ఎక్కువున్నదో జర పోరన్ని అడుగు” అన్నడు.